మొదటి ప్రపంచ యుద్ధం

1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యతో రాజుకుని, 1918 నవంబరు 11న ముగిసిన యుద్ధం. ఫ్రాన్స్‌లో మార్న్ నది దగ్గర జర్మన్ల దూకుడు ఆగాక, ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా జర్మనీ, దానికి ఎదురు నిలిచిన బ్రిటన్, ఫ్రాన్స్ తదితర మిత్రపక్షాలూ కందకాలు తవ్వుకున్నాయి. మోకాలిలోతు బురద, ఎలుకలు, పేలు, పాదాలు కుళ్లే జబ్బు అక్కడి నిత్యజీవితం. బయటికొస్తే మెషిన్‌గన్లు, ముళ్లకంచెలు. 1916 జూలై 1న, సోమ్ పోరు మొదటిరోజే, 19 వేలమందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. అయినా దాడులు నవంబరు దాకా సాగించడం క్షమించరాని మొండితనం. 1915లో ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ దగ్గర భారత సైనికులూ పెద్దసంఖ్యలో నేలకొరిగారు. అంతకుముందే, 1914 సెప్టెంబరు 22 రాత్రి, యుద్ధం భారత తీరాన్నీ తాకింది: జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు చమురు ట్యాంకులను తగలబెట్టింది. చివరికి, యుద్ధ ట్యాంకులు, విమానాలు, ఫిరంగులు, పదాతిదళం కలిసి కదలడం నేర్చాక, 1918లో మిత్రపక్షాలు జర్మన్ కందకాలను ఛేదించగలిగాయి.