పాత చాల్ కొనుబడి: ముంబయి నేర్పిన లెక్క

నాలుగు డబ్బులు వెనుకవేసిన గృహస్థునకు మొదట తోచునది ఇల్లు. ఒక వాటాలో తానుండి మిగిలినవి అద్దెకిచ్చినచో ముసలితనమునకు ఆధారమగునని మనవారి నమ్మకము. ముంబయిలో ఆ నమ్మకమునకు రూపము చాల్. మన తెలుగు కుటుంబములు ఎన్నో తరతరములుగా ఈ చాళ్ళలోనే బ్రతికినవి. నేడు మనలో కొందరు ఆ ఖోలీలను వదలుకొనుటకును, మరికొందరు నలుగురు కలిసి పాత భవనమును కొనుటకును ఆలోచించుచున్నారు. ఉభయులును దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట మంచిది.

ఈ నగరమునకు మనవారి రాక నూలుమిల్లులకంటె పాతది. నిజాం రాజ్యము నుండి వచ్చి రాళ్ళుమోసి, భవనములు కట్టిన కామాఠీల పేరే కామాఠీపురాకు నిలిచినది. 1854లో కావస్‌జీ దావర్ తొలి నూలుమిల్లు కంపెనీ స్థాపించిన తరువాత గిర్నీలు పెరిగినవి. పనికి వచ్చినవారికి తల దాచుకొన చోటు లేకపోయినది. ఆ లోటే డబ్బున్నవారికి పెట్టుబడి మార్గమైనది. తక్కువ స్థలములో మూడు నాలుగు అంతస్తులు, టేకు దూలములు, పొడవైన వరండా, దాని వెంట వరుసగా ఒంటి గదులు, అందరికి కలిపి కొళాయి, మరుగుదొడ్లు. గది చిన్నదైన కొద్దీ ఆ స్థలముపై వచ్చు అద్దె హెచ్చు. ఇదే నాటి యజమాని లెక్క.

ఆ లెక్కలో గాలికి, వెలుతురుకు చోటు లేదు. 1896లో ప్లేగు వచ్చినప్పుడు ఆ సంగతి ఊరంతకు తెలిసినది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. 1920లో పుట్టిన బి.డి.డి. శాఖ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో మొత్తము 207 చాళ్ళు కట్టినది. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. వర్లీ చాళ్ళలో స్థిరపడిన మన పద్మశాలి నేతపనివారిని ఎరుగనివారు లేరు. అయినను నగరములో హెచ్చు చాళ్ళు ప్రైవేటు యజమానులవే.

మొదటి యుద్ధకాలములో అద్దెలు మితిమీరగా 1918లో తొలి అద్దె నియంత్రణ చట్టము వచ్చినది. రెండవ యుద్ధము తరువాత వచ్చిన 1947 చట్టము మరింత గట్టిది. 1940 సెప్టెంబరు 1వ తేదీన ఉన్న అద్దెయే న్యాయమైన అద్దె అని అది కట్టుబాటు చేసినది. ఒక చాల్‌లో 40 గదులు, గదికి 5 రూపాయల అద్దె అనుకొందము. నెలకు 200 రూపాయలు. బియ్యము ధర, సున్నము ధర, మేస్త్రీ కూలి ఏడాదికేడాది పెరిగినవి; ఆ 200 మాత్రము అక్కడనే ఆగినది. అద్దెదారుకు నీడ దక్కినది, యజమాని మరమ్మతు మానినాడు. చెక్కకు చెదలు పట్టినది.

చట్టము మూసిన దారికి పక్కన ప్రజలు మరొక దారి త్రొక్కినారు. అదే పగడీ. గదిలో చేరువాడు పెద్ద మొత్తము ముందుగా చెల్లించును, నెలనెలా స్వల్పమైన అద్దె కట్టును. గది చేతులు మారినప్పుడు యజమానికి వాటా ముట్టవలెను. చాలకాలము ఇది చాటుమాటు వ్యవహారమే. 2000లో అమలునకు వచ్చిన 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టము దీనిని చట్టబద్ధము చేసినది. అద్దెను ప్రారంభములో నూటికి 5, ఆపై ఏటేట నూటికి 4 వంతున పెంచుకొనవచ్చుననియు అన్నది. మన లెక్కలోని 5 రూపాయల అద్దె ఆ వంతున 25 ఏండ్లకైనను 15 రూపాయలు కాదు.

మరమ్మతుల బాధ్యత ఎవరిది? కూలుచున్న ఇండ్లను చూచి ప్రభుత్వము 1969లో సెస్సు విధించి, మరమ్మతులకు ఒక బోర్డును నియమించినది. నాడు లెక్కకు వచ్చిన భవనములు 19,642. 1986లో మరొక అడుగు పడినది. నూటికి 70 మంది నివాసులు కోరినచో, నెల అద్దెకు నూరు రెట్లు చెల్లించి భవనమును వారి సొసైటీకి స్వాధీనపరచవచ్చునన్నారు. మన ఉదాహరణలోని 40 గదుల చాల్ విలువ ఇట్లు 20,000 రూపాయలు! యజమానుల సంఘము న్యాయస్థానమునకెక్కినది. ఆ వ్యాజ్యములో 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రైవేటు ఆస్తి అంతయు సమాజపు వనరు కాజాలదని తేల్చినది.

ఈ తగవులు సాగుచుండగా గోడలు ఆగవు. 2017 ఆగస్టు 31న భేండీ బజారులో వందేండ్లు దాటిన హుసైనీ భవనము కూలి ముప్పదిమందికి పైగా మరణించినారు.

కనుక పాత చాల్ కొనువాడు ఇటుకలను కొనుటలేదు. ఆ గదులలోని కుటుంబముల హక్కులతో కూడ భవనమును కొనుచున్నాడు. యజమాని మారినంత మాత్రమున అద్దెదారు హక్కు పోదు. అద్దె వసూలుపై వడ్డీయైనను రాదు. లాభమన్నది పునర్నిర్మాణమున ఉండవచ్చును. దానికి అద్దెదారుల సమ్మతి, బోర్డు అనుమతి, ఏండ్ల తరబడి ఓపిక కావలెను. సెస్సు బకాయిలు, అద్దెదారుల పట్టిక, స్థలము సొంతమా లీజా అను విషయము చూడక బయానా ఇయ్యరాదు.

ఖోలీలో ఉన్న మనవారికి మరొక మాట. అద్దెదారు గతించినప్పుడు ఆయనతో కలిసి ఆ గదిలో నివసించిన కుటుంబ సభ్యునకు చట్టము మొదటి చోటిచ్చినది. తండ్రి గిర్నీలో, భార్యాబిడ్డలు కరీంనగరు పల్లెలో ఉన్న కుటుంబములు మనలో ఎన్నియో. అట్టివారు అద్దె రసీదులు, రేషను కార్డు, నివాసపు ఋజువులు భద్రపరచవలెను. పునర్నిర్మాణమున సెస్సు భవనపు అద్దెదారుకు కనీసము 300 చదరపు అడుగుల ఇల్లు ఉచితముగా దక్కునని నిబంధనలు చెప్పుచుండగా, అవసరమునకు తొందరపడి చిన్న మొత్తమునకు గది వదలువాడు పోగొట్టుకొనునది ఒక గదిని కాదు, తన తాత చెమటోడ్చి సంపాదించిన చోటును.