పొలిమేర దాటిన పెళ్లి

మా తాతమ్మకు తొమ్మిదో ఏట పెళ్లయింది. వాళ్లది కోనసీమ. పెళ్లివారంతా పడవల్లో గౌతమి దాటి యానాం వచ్చి, మూడు ముళ్లూ వేయించుకుని మర్నాడే వెళ్లిపోయారట. సొంత వాకిట్లో పందిరి వేసుకునే స్తోమత లేక కాదు. అక్కడ వేస్తే కేసయ్యేది.

శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పెళ్లికూతురికి 14, పెళ్లికొడుక్కి 18 ఏళ్లు నిండాలి. కానీ అది బ్రిటిషిండియా చట్టం. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి యానాం. పొలిమేర దాటితే దొర వేరు, చట్టం వేరు. అలా మా ఊరు యానాం కళ్యాణపురమైంది. ముహూర్తాల రోజుల్లో రేవులో పడవ కట్టడానికి చోటుండేది కాదని తాతమ్మ చెప్పేది. 1938లో చట్టాన్ని సవరించారు: బ్రిటిష్ ప్రజలు పొలిమేర అవతల చేసుకున్నా తప్పు తప్పేనన్నారు. కంత పూడ్చడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ కథకీ నా ఉద్యోగానికీ చుట్టరికముందని మొదట్లో నాకూ తెలీదు. యానాంలో డిగ్రీ చదివి హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీలో చేరాను. రాత్రి షిఫ్టు, ఎదురుగా రెండు తెరలు, ఆగకుండా పారే లాగ్‌లు. రెండో వారంలో ఒక ఉద్యోగి పదింటికి హైదరాబాద్‌లో లాగిన్ అయ్యాడు, పదీ నలభైకి మరో ఖండంలో. చోటు మార్చి చూపే వీపీఎన్ అయ్యుంటుందిలే అనుకుని అలర్ట్ మూసేశాను. తెల్లారేసరికి తేలింది, పాస్‌వర్డ్ దొంగ చేతిలో ఉందని. మా సీనియర్ తిట్టలేదు. "ఎక్కణ్నించి వచ్చాడని చూశావు. అక్కణ్నించే ఎందుకొచ్చాడని అడగలేదేం?" అన్నాడు. నాకు తాతమ్మ పడవ గుర్తొచ్చింది.

యానాంలాంటి కంతే కంప్యూటర్ల లోకంలోనూ బయటపడింది. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' వైరస్ మనీలా నుంచి బయల్దేరి ప్రపంచమంతా కంప్యూటర్లను పాడుచేసింది. అనుమానితుడు దొరికాడు, కేసు మాత్రం నిలవలేదు. ఆ పనిని నేరమనే చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేదు. ఆ ఏడాదే అక్టోబర్ 17న మన ఐటీ చట్టం అమల్లోకొచ్చింది. అందులో 75వ సెక్షన్ ఏమంటుందంటే, నేరం విదేశంలో జరిగినా, చేసినవాడు ఏ దేశస్థుడైనా, మన దేశంలోని కంప్యూటర్ అందులో ఉంటే ఈ చట్టం వర్తిస్తుందని. 1938 నాటి సవరణ చదివినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు.

అయితే కాగితం పొలిమేర దాటినంత సులువుగా పోలీసు దాటలేడు. అందుకే ముందు వరస మాలాంటివాళ్లదే. 2022లో దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

యానాం పొలిమేర మాత్రం చివరికి చెరిగిపోయింది. 1954 నవంబర్ 1న యానాం పాలన మన చేతికొచ్చింది. ఫ్రెంచివాళ్లు ఓడెక్కారు. ఇంటర్నెట్‌లో అలా ఓడెక్కి పోయేవాళ్లు లేరు.

ఊరెళ్తే పిల్లలు అడుగుతారు, "అక్కా, ఏ కోర్సు చేరమంటావ్?" అని. నెట్‌వర్కింగ్, లైనక్స్ నేర్చుకోమంటాను, రోజూ లాగ్‌లు చదవమంటాను. ఆ తర్వాత మా తాతమ్మ పెళ్లి కథ చెప్పి, ఆ పడవలు యానాం రేవుకే ఎందుకొచ్చాయో వాళ్లనే చెప్పమంటాను.