కన్సోల్ తెర మిణుకు

కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడో, గ్రాఫిక్స్ తెర నుంచి అక్షరాల కన్సోల్‌కు మారేటప్పుడో స్క్రీన్ ఆరి వెలగడం, అదరడం, ఒక్కోసారి నల్లగా ఉండిపోవడం. చూసేవారికి మానిటర్ పోయిందనిపిస్తుంది. చాలాసార్లు మానిటర్ బాగానే ఉంటుంది. తెర ఒక డ్రైవర్ చేతిలోంచి ఇంకో డ్రైవర్ చేతికి వెళ్లే క్షణంలోనే తంటా.

ఈ జబ్బు పీసీ అంత పాతది. 1981లో ఐబీఎం తెచ్చిన సీజీఏ కార్డులో, 80 నిలువు వరుసల టెక్స్ట్ మోడ్‌లో ఉండగా ప్రాసెసర్ వీడియో మెమరీని ముట్టుకుంటే తెర మీద మంచు రాలినట్టు చుక్కలు పడేవి. అవి కనబడకుండా, అక్షరాలు పైకి జరిగే ప్రతిసారీ బయాస్ తెరను కాసేపు ఆర్పేసేది. చుక్కలు పోయాయి, మిణుకు వచ్చింది!

లినక్స్ తొలినాళ్ల వీజీఏ కన్సోల్‌లో పని తక్కువ: 80 నిలువు, 25 అడ్డు వరుసలు, ఒక్కో గడికి అక్షరానికొకటి, రంగుకొకటి చొప్పున రెండు బైట్లు, వెరసి 4,000 బైట్లు. చిక్కంతా గ్రాఫిక్స్ తెరను నడిపే ఎక్స్ సర్వర్‌తో మొదలైంది. కెర్నెల్‌తో నిమిత్తం లేకుండా అదే నేరుగా కార్డు రిజిస్టర్లలో రాసేది. కన్సోల్‌కు రావడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే మోడ్ మొత్తం మళ్లీ పెట్టుకోవాలి, తెర ఒకసారి ఆరాలి. ఈ పెత్తనాన్ని కెర్నెల్‌కే అప్పగించే కేఎంఎస్ (కెర్నెల్ మోడ్ సెట్టింగ్) పద్ధతి 2009 మార్చిలో, లినక్స్ 2.6.29తో, ముందుగా ఇంటెల్ చిప్‌లకు వచ్చింది. ఫ్రీబీఎస్‌డీలో పాత సిస్‌కాన్స్ కన్సోల్‌కు కేఎంఎస్‌తో పొసగలేదు. ఎక్స్ మొదలుపెట్టాక కన్సోల్‌కు తిరిగి రావడమే కుదిరేది కాదు. అందుకే వీటీ అనే కొత్త డ్రైవర్ రాశారు, 2016లో 11.0 నుంచి అదే డిఫాల్ట్.

బూట్ సమయపు మిణుకు మాత్రం ఇంకా మిగిలింది. 2018లో లినక్స్ 4.19 ఒక చిన్న కిటుకు నేర్చింది: చూపించాల్సిన అక్షరం వచ్చేదాకా కన్సోల్ తెరను ముట్టుకోదు, తయారీదారు లోగో అలాగే నిలుస్తుంది.

లోపం వెతికేటప్పుడు ముందు చూడాల్సింది మిణుకు ఎప్పుడు మొదలైందన్నది. బయాస్ మెనూలోనే కనబడితే కేబులో, ప్యానెలో. లేదంటే కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ చూడాలి. ఎఫ్‌బీ0 (తెర ఫ్రేమ్‌బఫర్) ఈఎఫ్ఐ వీజీఏ నుంచి ఇంటెల్ డ్రైవర్ ఐ915కు మారుతోందన్న లైన్ దగ్గర ఒక్కసారి మిణుకుమని ఊరుకుంటే అది చేతులు మారడమే, కంగారు అక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఆగకపోతే బూట్‌లోడర్ గ్రబ్‌లో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర, కేఎంఎస్‌ను ఆపే నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి బూట్ చేయాలి. మిణుకు పోతే అనుమానం కేఎంఎస్ డ్రైవర్ మీదికి వెళ్తుంది. చాలామంది ఇక్కడితో ఆగి ఆ మాటను శాశ్వతంగా ఉంచేస్తారు. రిజల్యూషన్ పడిపోయి, బ్రైట్‌నెస్ మీటలు మూగబోయాక వాపోతారు. అది పరీక్షే తప్ప మందు కాదు.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తరచూ దొరికే దొంగ పీఎస్ఆర్ (ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్). తెర కదలనప్పుడు ప్యానెల్ తన సొంత మెమరీలోని బొమ్మనే చూపిస్తూ కరెంటు ఆదా చేస్తుంది. మళ్లీ మేలుకోవడంలో తడబడితే తెర మిణుకుమంటుంది. ఐ915 డ్రైవర్‌కు ఎనేబుల్ పీఎస్ఆర్ విలువ 0గా ఇస్తే పీఎస్ఆర్ ఆగుతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.