పొల్లు హల్లూ యంత్రలిపీ: గాజువాక స్థలనామాల నుంచి యూనికోడ్ దాకా

విశాఖపట్నానికి పారిశ్రామిక శివారుగా ఎదిగిన గాజువాక పరిసరాల్లోని స్థలనామాల్లో ఉక్కునగరం, ఆటోనగర్ అనే రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే లిపిచరిత్రకు పనికివచ్చే ఒక భేదం కనిపిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే సంస్కృత పదం. ఉక్కు కర్మాగార ఉద్యోగుల నివాసప్రాంతానికి పెట్టిన పేరులో అది ‘నగరం’గా తెలుగు ప్రత్యయంతో నిలిచింది. పారిశ్రామికవాడకు పెట్టిన పేరులో ‘నగర్’ అని పొల్లుతో ముగిసింది. ఉచ్చారణలో స్వల్పమైన ఈ భేదం కంప్యూటర్ తెర మీదికి వచ్చేసరికి పెద్దదవుతుంది. ‘ఉక్కునగరంలో’ అని రాయడానికి తెలుగు అక్షరాలు చాలు. ‘ఆటోనగర్‌లో’ అని రాయడానికి కంటికి కనిపించని మరో సంకేతం కూడా కావాలి.

తెలుగు అజంత భాష అన్న మాట వ్యాకరణాల్లో సుపరిచితమే. వాక్ వాక్కుగా, విద్యుత్ విద్యుత్తుగా మారి తెలుగులో చేరాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తత్సమ పరిచ్ఛేదంలో ఇటువంటి మార్పులకు సూత్రరూపం ఇచ్చింది. బస్సు, రోడ్డు, టిక్కెట్టు వంటి ఆంగ్లపదాలూ ఆ దారినే నడిచాయి. 1966లో మారుమోగిన ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ నినాదంలోని రెండో ప్రాస పదం అరబ్బీ ‘హక్’. ద్విత్వమూ ఉకారమూ చేరాకే అది ‘ఉక్కు’కు జోడీ కాగలిగింది. తరవాతి దశాబ్దాల్లో ఈ అలవాటు సడలింది. ‘స్టీలు ప్లాంటు’ అన్న చోట ‘స్టీల్‌ప్లాంట్’ వచ్చింది. బీహెచ్‌పీవీ వంటి పొడి అక్షరాల పేర్లు నిత్యవ్యవహారంలో స్థిరపడ్డాయి. పదమధ్యంలో పొల్లు హల్లు నిలిచి, తరవాతి హల్లుతో కలవకుండా ఉండవలసిన సందర్భాలు విరివిగా పెరిగింది ఈ దశలోనే. ఆ పెరుగుదలను యంత్రాలు ఎలా అందుకున్నాయన్నదే ఇక్కడి ప్రశ్న.

తంతి కాలంలో ఈ చిక్కు లేదు. మోర్స్ సంకేతాలు రోమన్ అక్షరాలవి కాబట్టి తెలుగు వార్త తంతి మీద వెళ్లాలంటే రోమన్ లిపిలోకి మారవలసిందే. ఆ లిపిలో అచ్చు రాయకపోతే హల్లు పొల్లుగానే మిగులుతుంది. తెలుగు తన లిపిని వదులుకున్న చోట హలంత సమస్య మాయమైందన్నమాట. 2013 జులైలో టెలిగ్రాం సేవ ముగిసేనాటికి చేతిఫోన్ల సందేశాల్లో అదే రోమన్ తెలుగు మరో రూపంలో స్థిరపడి ఉంది.

అచ్చుకూర్పు సంగతి వేరు. సీసపు అక్షరాలతో పేజీ కూర్చే కార్మికుడు వత్తు కావాలంటే వత్తు అచ్చును వెతికి పెట్టేవాడు. పొల్లు కావాలంటే పొల్లు అక్షరాన్ని పెట్టేవాడు. అంటే కలపడం అతను పూనుకుని చేసే పని. కలపకపోవడానికి ప్రత్యేకించి చేయవలసింది ఏమీ లేదు. తెలుగు టైపురైటర్‌లోనూ ఇదే న్యాయం. 1966 నాటి అధికార భాషా చట్టం, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘం కార్యాలయాల్లో తెలుగు వాడకాన్ని ముందుకు తెచ్చినప్పుడు టైపురైటర్ అవసరమూ పెరిగింది. వంద లోపు గుర్తులతో వందలాది గుణింతాలను, సంయుక్తాక్షరాలను రాబట్టవలసిన ఆ యంత్రం మీద అక్షరసౌందర్యం దెబ్బతిన్నమాట నిజమే. అయినా రకారం మీద పొల్లు కొట్టి, పక్కన లకారం కొడితే అవి వేర్వేరుగానే ఉండేవి. యంత్రానికి తెలుగు తెలియకపోవడం ఈ ఒక్క విషయంలో మేలు చేసింది.

కంప్యూటర్‌కు లిపి ‘తెలియడం’తో పరిస్థితి తలకిందులైంది. భారతీయ భాషలకు ఉమ్మడి సంకేతాల పట్టికగా 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ‘ఇస్కీ’లో వత్తులకు వేరే స్థానాలు లేవు. హల్లు, విరామం, హల్లు వరసగా వస్తే వాటిని కలిపి చూపించే బాధ్యత యంత్రానిదే. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు ఈ ఇస్కీ సంప్రదాయానికి చెందిన 1988 నాటి పట్టికను ఆధారం చేసుకుని తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఇందులో ఆరు సంకేతాల వరస. ధ్వనిక్రమాన్ని దాచి, రూపాన్ని ఖతికి వదిలిపెట్టిన ఈ ఏర్పాటు తెలుగు లిపి స్వభావానికి అనువైనదే. కాని ఇందులో కలవడం సహజస్థితి అయింది. కలవకపోవడాన్ని ఎవరో చెప్పాలి. ఇస్కీలో విరామాన్ని రెండుసార్లు రాసి ఆ మాట చెప్పేవారు. యూనికోడ్‌లో అందుకు పారసీ వంటి లిపులకు కూడా పనికివచ్చే ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే వెడల్పులేని సంకేతాన్ని వాడుతున్నారు. అసంయోజకం అని దీన్ని తెలుగు చేసుకోవచ్చు.

డీటీపీ కేంద్రాల్లో దీర్ఘకాలం చెలామణి అయిన ఖతులు ఈ దారికి వెలుపల ఉన్నాయి. వాటిలో ప్రతి వత్తుకూ, ప్రతి తునకకూ రోమన్ అక్షరాల స్థానాలే ఇచ్చారు. ఒకరకంగా అది సీసపు అక్షరాల పెట్టెకు కొనసాగింపు. పొల్లుకు ఇబ్బంది లేదు గాని, ఖతి మారితే పాఠం చెల్లాచెదురవుతుంది. ఆ పద్ధతిలో టైపు చేసిన ఎన్నో సిద్ధాంత గ్రంథాలు నేడు మార్చుకుంటే తప్ప శోధనకు లొంగవు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడం యూనికోడ్‌కు మారడానికి తోడ్పడ్డాయి.

అసంయోజకం ప్రపంచవార్త అయింది 2018 ఫిబ్రవరిలో. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తోందని పత్రికలు రాశాయి. నిజానికి ‘జ్ఞా’ అని మామూలుగా రాస్తే ఏ ప్రమాదమూ లేదు. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య అసంయోజకం చేరిన వరసను మాత్రమే ఆ సాఫ్ట్‌వేర్ చదవలేకపోయింది. బంగ్లా లిపిలోనూ ఇలాంటి వరసలు అదే దోషాన్ని బయటపెట్టాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ విడుదల చేసిన 11.2.6 కూర్పుతో అది సరిదిద్దబడింది. నింద తెలుగు అక్షరం మీద పడింది; తప్పు మాత్రం అక్షరానిది కాదు.

పత్రికలకెక్కని నష్టం మరొకటి ఉంది. అది భాషాపరిశోధనకు నేరుగా తగులుతుంది. ‘ఆటోనగర్‌లో’ అన్న పదం అసంయోజకంతో పది సంకేతాలు, అది లేకుండా ‘ఆటోనగర్లో’ అని రాస్తే తొమ్మిది. కొందరు అసంయోజకానికి బదులు ఖాళీ వదిలి ‘ఆటోనగర్ లో’ అంటారు. అప్పుడు విభక్తి విడిపోయి రెండు పదాలవుతాయి. సంకేతాలను యథాతథంగా పోల్చే శోధనకు ఇవి మూడు వేర్వేరు రూపాలు. పదకోశం కోసమో, మాండలిక వాడుక లెక్క కోసమో పాఠసంచయాన్ని వాడే పరిశోధకుడు ఈ మూడింటినీ ముందుగా ఏకరూపం చేయకపోతే అతని గణాంకాలు భాషను గాక టైపు చేసినవారి అలవాట్లను చూపుతాయి. అలాగని అసంయోజకాన్ని తుడిచేయడమూ సరికాదు. ‘లో’ విభక్తిని విడిగా భావించారా, సంయుక్తంగా పలికారా అన్న ఆధారం అందులో ఉండవచ్చు.

డొమైన్ నామాల నియమకర్తలు మాత్రం తుడిచివేతనే ఎంచుకున్నారు. తెలుగులో నమోదైన ‘.భారత్’ పొల్లుతో ముగిసేదే అయినా, అంతటి పైస్థాయి నామాల్లో అసంయోజకానికి చోటు లేదు. కంటికి కనిపించనిది మోసానికి వీలిస్తుందన్న వారి భయం నిరాధారం కాదు.

పూర్వపు లేఖకులు ఒక్క నకారం విషయంలో ఈ చిక్కును ముందే దాటారు. ప్రాచీన ప్రతుల్లో, తొలి ముద్రణల్లో కనిపించే నకారపొల్లు, తరవాతి హల్లుతో కలవని స్వతంత్ర లిపిరూపం. దంత్య చ, జలను 2008లో చేర్చుకున్న యూనికోడ్ దీనికి 2021 సెప్టెంబరులో వెలువడిన 14వ కూర్పులో స్థానమిచ్చింది. ఆటోనగర్ చివరి రకారానికి ఆ పట్టికలో అటువంటి స్వతంత్ర రూపం లేదు.