కార్ఖానా నేర్పిన పాఠము

ఖరగ్‌పూరులోని ఝపటాపూర్ ప్రాంతమున తెలుగు మాట వినబడుట మనకు వింత గాదు. ఆ మాట పొట్టకూటికై రైలు వెంట వచ్చినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరును పెద్ద జంక్షనుగను, కార్ఖానా కేంద్రముగను పెంపొందింపగా, ఉత్తర కోస్తా మండలముల నుండి మనవారు పెక్కురు అచ్చట పనులకు చేరిరి.

యంత్రమునకు పక్షపాతము లేదందురు. నిజమే, బొగ్గు వేయు చేయి ఎవరిదో ఇంజను పొయ్యికి తెలియదు. కాని ఆ యంత్రము ఎవరి చేతి క్రింద నుండవలెనో నిర్ణయించునది సమాజము. ఆంగ్లేయుల యేలుబడిలో మెయిలు బండ్ల డ్రైవరు ఉద్యోగములు, కార్ఖానా ఫోర్‌మన్ ఉద్యోగములు హెచ్చుగ యూరోపియనులకును, ఆంగ్లో ఇండియనులకును దక్కెడివి. మనవారికి పని తెలిసియు పదవి అందకుండెను.

1926లో సర్ విన్సెంట్ రావెన్ అధ్యక్షతన గల సంఘము, రైల్వే కార్ఖానాలలో పనిని పొదుపుగ పునర్వ్యవస్థీకరింపవలెనని సూచించెను. మరుసటి యేడు ఖరగ్‌పూరు కార్మికులపై ఉద్యోగముల తగ్గింపు పిడుగువలె పడినది. 1927 నాటి సమ్మెకు నాయకత్వము వహించినవారిలో మన వి.వి. గిరిగారు ముఖ్యులు, వారే 1969లో రాష్ట్రపతి యైరి. కార్మికులు యంత్రమును ద్వేషింపలేదు. పొదుపు ఫలము ఒకరికి, ఆకలి మరొకరికి యేల యని మాత్రమే ప్రశ్నించిరి.

పిదప మరియొక మార్పు వచ్చినది. ఆవిరి ఇంజనుపై డ్రైవరును, ఫైర్‌మన్లును ఒక కుటుంబమువలె మెలగెడివారు. మంట రంగు, ఆవిరి చప్పుడు, నీటిమట్టము చూచి ఇంజను స్థితి గ్రహించు నేర్పు పెద్దల ప్రక్కన నిలిచియే అబ్బెడిది. డీజిలు, విద్యుత్ ఇంజనులు వచ్చినపిమ్మట బొగ్గుపార మూల పడినది. శిక్షణ తరగతియు, నిబంధనల పుస్తకమును ఆ పెద్దల స్థానము నాక్రమించినవి. 1995లో బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి బండ్ల నిత్యసేవ ముగిసెను. చదువు గల యువకునకు క్రొత్త యంత్రము సులభమైనది. చేతిపని మాత్రమే యెరిగిన వృద్ధునకు అదియే అవమానమైనది.

నేడు మన కార్యాలయములలో కంప్యూటరు ముందు కూర్చుండు సోదరీసోదరులకును ఈ కథ పరాయిది గాదు. క్రొత్త పరికరము వచ్చిన నాడు దాని వెల యెంతయని యడుగుట చాలదు. దానిని ఎవరికి నేర్పితిమి, ఎవరిని వెనుక విడిచితిమి అనియు అడుగవలెను. మన పూర్వులు చెమటోడ్చి మనకిచ్చిన పాఠ మిదియే.