మోల్డోవా: ఒక భాష, రెండు పేర్లు

‘సోవియట్ భూమి’ పత్రిక మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చదివినందుకు కాకపోయినా, నున్నటి ఆ కాగితాలతో పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసుకున్నందుకైనా. నా లెక్కల పుస్తకం అట్ట మీద ఏడాది పొడుగునా ద్రాక్షతోటలో నవ్వుతున్న ఒక పడుచు ఉండేది. కింద ‘మోల్డేవియా’ అని అచ్చయి ఉండేది. పదిహేను రిపబ్లిక్కుల్లో అదొకటి, దానికొక జాతి, ఆ జాతికొక భాష అనుకున్నాను. ఆ భాష సంగతి విచారించే సందర్భం చాలా ఏళ్ళ తరువాత గాని రాలేదు.

జాతి అంటే ఏమిటో స్టాలిన్ 1913లోనే నిర్వచించాడు: ఉమ్మడి భాష, ఉమ్మడి భూభాగం, ఉమ్మడి ఆర్థిక జీవనం, సంస్కృతిలో వ్యక్తమయ్యే ఉమ్మడి మనస్తత్వం. నాలుగూ ఉంటేనే జాతి. జాతులన్నీ చివరికి కలిసిపోతాయని నమ్మిన పార్టీ ఈ కొలబద్ద పట్టుకుని కొత్త జాతులను తయారుచెయ్యబూనడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

మోల్డేవియా సంస్థానపు తూర్పు సగాన్ని, అంటే ప్రూత్, నీస్టర్ నదుల నడుమనున్న బెస్సరేబియాను, 1812లో రష్యా జారు కలుపుకున్నాడు. 1918లో అది రుమేనియాలో చేరింది. సోవియట్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. 1924లో నీస్టర్‌కు తూర్పున, ఉక్రెయిన్ లోపల, మోల్డేవియా పేరుతో ఒక స్వయంపాలిత రిపబ్లిక్కును నెలకొల్పింది. 1926 జనాభా లెక్కల ప్రకారం అక్కడ మోల్డేవియన్లు నూటికి ముప్ఫైమందే, ఉక్రేనియన్లే ఎక్కువ. చూపంతా ఏటి అవతలి గట్టు మీద ఉంది మరి! అయితే అవతలివాళ్ళ భాష రుమేనియన్ అయితే వాళ్ళు రుమేనియన్లే అవుతారు. కాబట్టి భాష వేరు కావలసి వచ్చింది.

ఆ పని లియొనీద్ మదాన్ అనే పండితుడు తలకెత్తుకున్నాడు. పల్లె మాండలికాన్ని ఆధారం చేసుకుని వ్యాకరణం రాశాడు. రుమేనియన్ ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాటలను వెళ్ళగొట్టి, పల్లె పదాలతో కొత్త సమాసాలు కట్టాడు. చదివేవాళ్ళకు అవి కొరుకుడు పడలేదు. 1932లో పైనుంచి గాలి మారింది; సిరిలిక్ లిపి పోయి లాటిన్ లిపి వచ్చింది. 1938లో మళ్ళీ సిరిలిక్. నిన్నటి దాకా పార్టీ విధానంగా చలామణి అయినది తెల్లారేసరికి ద్రోహమైంది. ఆ ఏళ్ళ ఊచకోతలో కొత్త పదాల పక్షంవారూ, లాటిన్ లిపి పక్షంవారూ కూడా బలయ్యారు. ఒత్తులూ గుణింతాలూ తెరమీద సరిగ్గా కనబడితే చాలని ఒకప్పుడు నానా తంటాలూ పడ్డవాళ్ళం మనం. లిపి కోసం ప్రాణాలు పోవడమన్నది ఊహకందదు.

1940లో ఎర్రసైన్యం బెస్సరేబియాను ఆక్రమించింది. మరుసటి ఏడాదే సిరిలిక్ లిపి అక్కడికీ వచ్చింది. లాటిన్ అక్షరాలు దిద్దుకున్న తల్లులకు పిల్లల వాచకాలు పరాయివయ్యాయి. 1949 జూలైలో ముప్ఫై అయిదు వేలమందికి పైగా జనాన్ని బళ్ళకెక్కించి సైబీరియా వైపు తరలించారు. ఇంత చేశాక ఒక చిక్కు వచ్చిపడింది. జాతి అన్నాక దానికి మహాకవులుండాలి కదా? ఎమినెస్కూ, క్రియాంగా ఇద్దరూ పాత సంస్థానపు పడమటి సగంలో, అంటే రుమేనియాలో, పుట్టినవారు, 1889లోనే పోయారు. వారినే మోల్డేవియన్ సాహిత్యకారులుగా ప్రకటించి, సిరిలిక్‌లో అచ్చువేశారు. మార్చినది అక్షరాలనే. రుమేనియన్ వచ్చినవాడెవడైనా వింటే తన భాషే వినబడుతుంది. మదాన్ కట్టిన పదాలను ఇక ఎవరూ తలచుకోలేదు.

అలాగని ఇదంతా గాలిలోంచి పుట్టించారనడం కూడా న్యాయం కాదు. ‘మోల్డోవా భాష’ అన్న పేరు పాత చరిత్రకారుల రాతల్లో ఉంది. రుమేనియాలో కూడా 1860ల దాకా ఒక రకం సిరిలిక్ లిపే వాడుకలో ఉండేది. సోవియట్ ప్రభుత్వం చేసినదల్లా, ఉన్న పేరును గోడగా నిలబెట్టడం.

1989 ఆగస్టు 31న లాటిన్ లిపి తిరిగి వచ్చింది. 1991 స్వాతంత్ర్య ప్రకటన ఆ భాషను రుమేనియన్ అంది. 1994 రాజ్యాంగం మోల్డోవన్ అంది. 2013లో రాజ్యాంగ న్యాయస్థానం మొదటిదే చెల్లుతుందని తీర్పిచ్చింది. 2023లో పార్లమెంటు చట్టాలన్నిటా ‘రుమేనియన్’ అని దిద్దించింది. అయినా 2024 జనాభా లెక్కల్లో మాతృభాష ఏదని అడిగితే దాదాపు సగంమంది మోల్డోవన్ అనే చెప్పారు. వాళ్ళను అమాయకులనడానికి నాకు నోరు రావడం లేదు. అమ్మ చెప్పిన పేరది. నీస్టర్ అవతల, విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియాలో, ఇప్పటికీ సిరిలిక్ లిపే అధికారికం. అక్కడ లాటిన్ అక్షరాలు నేర్పే బడులను 2004లో మూయించారు.

మోల్డోవా 1994 నుంచి పాడుకుంటున్న జాతీయగీతం పేరు ‘మా భాష’. రాసింది 1917లో అలెక్సేయ్ మతెయెవిచ్ అనే క్రైస్తవ పూజారి. అప్పటికింకా సోవియట్ యూనియన్ లేదు. ఆ గీతంలో భాష పేరు ఎక్కడా రాదు.