ఎడిన్‌బరో రిజిస్టరు

మా తరం ల్యాబువాళ్లకు క్రోమోజోములు చూడడమంటే కత్తెర పట్టుకోవడమే. రక్తంలో రాజ్మా గింజల నుంచి తీసిన మందు కలిపి, 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచితే తెల్లకణాలు విభజన మొదలుపెడతాయి. సరిగ్గా నడిమధ్యలో ఆపి, పలచటి ద్రావణంలో ఉబ్బించి, గాజుపలక మీద చుక్క వేసేవాళ్లం. ఫొటో తీసి, అందులోని 46 బొమ్మలూ ఒక్కొక్కటీ కత్తిరించి, జతలు కూర్చి అట్ట మీద జిగురుతో అతికించాలి. 21వ క్రోమోజోమ్ ముక్క గోరంత కూడా ఉండదు. ఫ్యాను వేస్తే ఎగిరిపోయేది.

ఈ పనిలో ఎడిన్‌బరోది పెద్ద పేరు. మైకేల్ కోర్ట్ బ్రౌన్ నడిపిన మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ విభాగంలో ప్యాట్రీషియా జాకబ్స్, జాన్ స్ట్రాంగ్ 1959లో క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ లక్షణాలున్న మగమనిషిలో అదనపు ఎక్స్ క్రోమోజోమ్ చూపించారు. అక్కడివాళ్లు తేడా కనిపించినవాళ్ల వివరాలు, వాళ్ల కుటుంబాల వివరాలు రిజిస్టరుకెక్కించి ఏళ్ల తరబడి భద్రపరిచారు. నా దృష్టిలో వాళ్లు చేసిన అసలు గొప్ప పని అదే.

1960ల చివర్లో స్కాట్లండ్‌లో బాలనేరస్థులను ఉంచే బోర్‌స్టల్ పాఠశాలల్లోని కుర్రాళ్ల రక్తం పరీక్షించారు. నేరానికీ క్రోమోజోముకీ ముడిపెట్టాలన్న ఆ కాలపు ఆలోచన నాకు ఇప్పటికీ మింగుడుపడదు, తర్వాత అది నిలవనూ లేదు. కానీ ఆ సర్వేలోనే ఒక కుర్రాడిలో 1వ క్రోమోజోమ్ కొస, 11వ దాని కొస తారుమారై కనిపించాయి. ట్రిప్సిన్‌తో క్రోమోజోముల మీద చారలు తెప్పించే పద్ధతి 1971లో గానీ రాలేదు. అంతకుముందు పొడవునూ ఆకారాన్నీ బట్టే పోల్చుకోవాలి. ఆ కళ్లకు నేను దణ్ణం పెడతాను.

జన్యుపదార్థం మొత్తంగా తగ్గలేదు, పెరగలేదు. అయినా ఆ కుర్రాడి కుటుంబాన్ని వదిలిపెట్టలేదు. 1990లో డేవిడ్ సెయింట్ క్లెయిర్ బృందం లెక్క తేల్చింది: పరీక్షించిన 77 మందిలో తారుమారు ఉన్న 34 మందిలో 16 మందికి మానసిక జబ్బు, లేని 43 మందిలో అయిదుగురికే. 2000లో కిర్‌స్టీ మిలర్, డేవిడ్ పోర్టియస్ తదితరులు 1వ క్రోమోజోమ్ తెగినచోటే ఒక జన్యువు తెగిపోయి ఉందని కనుక్కున్నారు. దానికి డిస్క్-1 అని పేరుపెట్టారు.

తర్వాత వేలమంది స్కిజోఫ్రీనియా రోగుల జన్యువులను జల్లెడపట్టిన పెద్ద సర్వేల్లో డిస్క్-1 పైకి రాలేదు. అది స్కిజోఫ్రీనియా జన్యువే కాదన్నవాళ్లూ ఉన్నారు. స్కాట్లండ్ కుటుంబంలోనూ కొందరికి స్కిజోఫ్రీనియా వస్తే, మరికొందరికి తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది. ఒక్క కుటుంబం చూపించినదాన్ని లోకమంతటికీ అంటగట్టకూడదు. అలాగని ఆ కుటుంబాన్ని అబద్ధం అనడానికీ వీల్లేదు.

ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పొడవు 854 అమైనో ఆమ్లాలు. కణమంతటా తిరుగుతుంది: సెంట్రోజోమ్ దగ్గర, మైటోకాండ్రియాలో, కేంద్రకంలో. నన్ను పట్టిలాగింది కేంద్రకమే, మేం అన్నేళ్లు పగలగొట్టి చూసింది దాన్నే కదా. లోపల డిస్క్-1 పీఎంఎల్ బాడీలు అనే చుక్కల్లో చేరుతుంది. ఏటీఎఫ్-4 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుని, అది జన్యువులను పనిచేయించే జోరుకు కళ్లెం వేస్తుంది. 2008లో సవమురా అనే పరిశోధకుడి బృందం మనిషి డిస్క్-1ను పండ్ల ఈగ మెదడులో పెట్టి చూస్తే ఈగ నిద్ర తీరు మారింది.

2012లో అదే ఎడిన్‌బరో నుంచి మరో ఫలితం వచ్చింది. ప్రొటీన్‌లో 37వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ ఉంటే చాలు, డిస్క్-1 కేంద్రకంలోకి వెళ్లడం తగ్గిపోతుంది, ఏటీఎఫ్-4 మీద ఆ అదుపు సడలిపోతుంది.